ఓపీ చీటీలో లేని ప్రశ్న

మా చిన్నమ్మకు దగ్గు ఏ ఏడాది మొదలైందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. చలికాలం పత్తి తీతకు, సంక్రాంతి దాటాక మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్లేది. దగ్గు కూడా ఆ పనులతోపాటే వచ్చి, వానలు పడ్డాక కాస్త నెమ్మదించేది. కొన్నేళ్లకు వానాకాలంలో కూడా పోవడం మానేసింది. ఇప్పుడు పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా నడవాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతుంది.

ఆమె దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో మూడు ఆస్పత్రుల చీటీలు, రెండు ఎక్స్‌రేలు, ఒక కళ్లె పరీక్ష రిపోర్టు. ఒక చీటీలో ఆస్తమా అని రాశారు. ఇంకోదాంట్లో అలర్జీ, మరోదాంట్లో బ్రాంకైటిస్. కళ్లె పరీక్షలో టీబీ లేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. వయసు రాశారు, బరువు రాశారు, బీపీ రాశారు. బీడీ తాగుతావా అని అడిగారట, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగారట. ఏం పని చేస్తావని మాత్రం ఏ చీటీలోనూ లేదు. నువ్వయినా చెప్పలేదా చిన్నమ్మా అంటే, "కూలి పనే కదమ్మా, అందులో చెప్పేదేముంది?" అంది.

ఆ ప్రశ్న కొత్తదేం కాదు. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం వేశాడు. రోగిని అడగమని పాత వైద్యులు చెప్పిన ప్రశ్నలకు తోడు ఇంకొకటి అడగాలన్నాడు: నువ్వు ఏం పని చేస్తావు? జనపనార చిక్కు తీసేవాళ్ల దగ్గు, రాళ్లు కొట్టేవాళ్ల ఆయాసం ఆయన ఆనాడే రాశాడు. 300 ఏళ్లు దాటినా గుంటూరు, ప్రకాశం మైదానంలో కూలికి పోయే మనిషి ఓపీ చీటీలోకి ఆ ప్రశ్న ఇంకా చేరలేదు.

అది చేరకపోవడానికీ కులానికీ సంబంధం ఉంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభాలో ఎస్సీలు దాదాపు 20 శాతం, ప్రకాశంలో దాదాపు 23 శాతం. పత్తి చేలో సాలు వెంట నడిచేవాళ్లలో, మిరప కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఈ లెక్క కనిపించదు. అక్కడ ఎక్కువమంది మన పల్లెల నుంచి వచ్చినవాళ్లే. కులమంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్లను విడగొట్టడమని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. ఎవరి ఊపిరితిత్తుల్లోకి ఏ దుమ్ము పోవాలో కూడా ఆ విభజనే నిర్ణయిస్తోంది. ఆ జబ్బులేమిటో, ఎలా వస్తాయో, వాటిని పని జబ్బులుగా గుర్తించకపోతే మనం ఏం పోగొట్టుకుంటున్నామో ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఊపిరి దారి

మనం పీల్చే గాలి ముక్కు నుంచి గొంతులోకి, అక్కడి నుంచి శ్వాసనాళంలోకి పోతుంది. ఆ నాళం రెండుగా చీలి, చెట్టు కొమ్మల్లా మళ్లీ మళ్లీ చీలుతూ సన్నబడి చివరకు గాలి తిత్తుల్లో ముగుస్తుంది. కోట్ల కొద్దీ ఉండే ఈ తిత్తుల దగ్గరే ప్రాణవాయువు నెత్తుటిలోకి చేరుతుంది.

దుమ్మును ఆపడానికి శరీరానికి తన కాపలా ఉంది. పెద్ద రేణువులను ముక్కులోని వెంట్రుకలు, జిగురు ఆపేస్తాయి. నాళాల్లోకి దిగినవాటిని అక్కడి తెమడ పట్టుకుంటుంది. కంటికి కనిపించనంత సన్నని కేశాలు ఆ తెమడను మెల్లగా పైకి నెడతాయి. దగ్గు దాన్ని బయటికి తోస్తుంది. అంటే దగ్గు కాపలా పనే. అది నెలల తరబడి ఆగడం లేదంటే లోపలికి వచ్చేది ఆగడం లేదని అర్థం. 5 మైక్రాన్లకంటే చిన్న రేణువులు, అంటే మిల్లీమీటరులో 200వ వంతు కన్నా సన్నవి, ఈ కాపలా దాటుకుని తిత్తుల దాకా వెళ్లిపోతాయి. మన కంటికి కనపడే దుమ్ముకంటే కనపడని దుమ్ముతోనే ప్రమాదం ఎక్కువ.

ఇంకో సంగతి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 లీటర్ల దాకా గాలి పీలుస్తాడు. బరువు పని చేసే మనిషికి 40 లీటర్ల దాకా కావాలి. 40 కిలోలు పైబడిన మిర్చి టిక్కీని వీపున వేసుకుని నడిచే హమాలీ, అదే షెడ్డులో కుర్చీ వేసుకుని లెక్క రాసుకునే గుమాస్తా ఒకే గాలిలో ఉన్నట్టే ఉంటారు. కానీ హమాలీ ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము కొన్ని రెట్లు ఎక్కువ. పైగా బరువు మోసేటప్పుడు నోటితో పీలుస్తాం కాబట్టి ముక్కు దగ్గరి కాపలా కూడా ఉండదు.

పత్తి: సోమవారం పట్టేసే ఛాతీ

గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, పర్చూరు వైపు పత్తి ఎంత పండుతుందో అన్ని జిన్నింగు మిల్లులు వెలిశాయి. చేలో తీసిన పత్తిలో ఎండిన ఆకు ముక్కలు, కాయ తొక్కలు, మట్టి కలిసే ఉంటాయి. మిల్లులో గింజను, దూదిని వేరుచేసేటప్పుడు ఇదంతా పొడై గాలిలోకి లేస్తుంది. మిల్లు నుంచి బయటికొచ్చే మనిషి జుట్టు, కనుబొమలు తెల్లగా అయిపోవడం అందరం చూసిందే. అయితే ఆ తెల్లటి నూగు పెద్ద రేణువు, ఎక్కువ భాగం ముక్కు దగ్గరే ఆగుతుంది. హాని చేసేది దాంతోపాటు ఉండే సన్నటి పొడి. ఎండిన ఆకు ముక్కల మీద బతికే బ్యాక్టీరియా నుంచి ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఈ పొడిలో చేరుతుంది. అది శ్వాసనాళాల గోడలను వాచేలా చేసి దారిని ఇరుకు చేస్తుంది.

ఈ జబ్బు పేరు బిస్సినోసిస్. సన్నని నారబట్టకు గ్రీకులో ఉన్న పేరు నుంచి ఇది వచ్చింది. దీనికొక ప్రత్యేక లక్షణం ఉంది. సెలవు తర్వాత మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజున, కొన్ని గంటలకు ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. దగ్గు, ఆయాసం వస్తాయి. రెండో రోజుకు తగ్గిపోతుంది. ఆదివారం చర్చికి వెళ్లి ఇంటి దగ్గర ఉన్న మనిషికి సోమవారం సాయంత్రానికి గుండెల మీద రాయి పెట్టినట్టుంటే, మంగళవారానికి మామూలైపోతే, "ఆదివారం కూర పడలేదేమో" అనుకుంటారు. ఇంగ్లండు నూలు మిల్లుల కార్మికులు కూడా దీన్ని సోమవారం జబ్బు అనే పిలిచేవారు.

దశలవారీగా ఇది ముదురుతుంది. మొదట్లో సోమవారం మాత్రమే. తర్వాత మంగళ, బుధవారాలకు కూడా పాకుతుంది. ఏళ్లు గడిచాక వారమంతా ఉంటుంది. చివరి దశలో పని మానేసినా ఆయాసం పోదు. శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోతాయి. మొదటి దశలో దుమ్ముకు దూరంగా ఉంటే కోలుకోవచ్చు, చివరి దశలో కోలుకోలేం. అందుకే తొందరగా గుర్తించడం ముఖ్యం.

చిక్కు ఇక్కడే ఉంది. బిస్సినోసిస్ ఎక్స్‌రేలో ప్రత్యేకంగా కనిపించదు. కళ్లె పరీక్షలో ఏమీ రాదు. ఎక్స్‌రే బాగుంది, టీబీ లేదు అని రిపోర్టు వస్తే జబ్బు లేదని కాదు, ఆ పరీక్షలకు ఈ జబ్బు అందదని అర్థం. దీన్ని పట్టుకోవాలంటే స్పైరోమెట్రీ చేయాలి. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తే మొదటి క్షణంలో ఎంత గాలి బయటికి వస్తుందో యంత్రం కొలుస్తుంది. అది కూడా సెలవు తర్వాత మొదటి రోజు పనికి ముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి చేస్తే తేడా బయటపడుతుంది. ఆ రోజు, ఆ వేళ పరీక్ష చేయాలని డాక్టరుకు తట్టాలంటే ముందు ఏం పని చేస్తావని అడిగి ఉండాలి.

మిర్చి: అలవాటైపోయిందనుకునే ఘాటు

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. సీజన్‌లో ఆ దారిన బస్సులో వెళ్లేవాళ్లకు కూడా తుమ్ములొస్తాయి. మనకది నవ్వుకునే విషయం. ఆ ఘాటులో రోజుకు 8, 10 గంటలు ఉండేవాళ్ల సంగతి వేరు.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. మన నరాల చివర్లలో వేడిని గుర్తుపట్టే ఒక గ్రాహకం ఉంటుంది. నిజంగా వేడి తగిలినప్పుడు అది మెదడుకు "కాలుతోంది" అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు పంపుతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుక మీదే కాదు, కళ్లలో, ముక్కులో, గొంతులో, శ్వాసనాళాల్లో కూడా ఈ గ్రాహకాలున్నాయి. అందుకే మిరప పొడి గాలి తగలగానే కళ్లు నీరు కారతాయి, పొలమారుతుంది, దగ్గు తెర మీద తెర వస్తుంది. దగ్గు మీద పరిశోధన చేసే డాక్టర్లు మనిషికి దగ్గు తెప్పించడానికి వాడేది కూడా క్యాప్సైసిన్ ఆవిరినే. అక్కడ కొలిచి, క్షణకాలం ఇస్తారు. తొడిమలు తీసే షెడ్డులో కొలత లేదు.

"మొదట్లో మంట పుడుతుంది, నాలుగు రోజులకు అలవాటైపోతుంది" అని నేను మాట్లాడిన ఆడవాళ్లందరూ చెప్పారు. ఇందులో కొంత నిజం ఉంది. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే నరాలు మొద్దుబారతాయి. మంట తెలియకపోవడం మొదలవుతుంది. కానీ మంట తెలియకపోతే దుమ్ము లోపలికి పోవడం ఆగదు. హెచ్చరిక గంట మాత్రమే ఆగిపోతుంది.

ఆ దుమ్ములో ఉండేది కారం ఒక్కటే కూడా కాదు. కల్లంలో మంచుకు, వానకు తడిసిన కాయలకు బూజు పడుతుంది. తాలు కాయలు ఏరేటప్పుడు, టిక్కీలు విదిలించేటప్పుడు బూజు రేణువులు లేస్తాయి. ఇవి కొందరిలో ఉబ్బసాన్ని రేపుతాయి. మరికొందరిలో ఊపిరితిత్తుల లోపలి పొరే వాచిపోతుంది. పనికి వెళ్లిన సాయంత్రం జ్వరం, ఒళ్లునొప్పులు, ఆయాసం వచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉంటే తగ్గిపోయి, మళ్లీ పనికి వెళ్లగానే వస్తే ఇది అనుమానించాలి. దీన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

తొడిమల పని కిలో లెక్కన కూలి. ఎంత వేగంగా తీస్తే అంత డబ్బు. కాబట్టి మొహానికి కట్టుకున్న గుడ్డ సర్దుకోవడానికి, లేచి బయట గాలి పీల్చుకోవడానికి ఆగిన ప్రతి నిమిషం కూలిలో పోతుంది. చంటిపిల్లల తల్లులు పిల్లలను ఆ కుప్పల పక్కనే పడుకోబెట్టుకుంటారు. పిల్లల శ్వాసనాళాలు సన్నవి, పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు. తల్లికి కూలి ఇచ్చే షెడ్డు బిడ్డకు ఆయాసం ఇస్తోంది.

మందు ట్యాంకు, పొయ్యి పొగ, రాతి పొడి

పత్తి, మిరప రెండూ పురుగుమందు ఎక్కువగా తాగే పంటలు. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ముంచేసినప్పుడు చేలలో మందు కొట్టడం ఇంకా పెరిగింది. వీపున ట్యాంకు కట్టుకుని గాలికి ఎదురు నడిచేది కూలివాడే. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాల కబుర్లను ఆపే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో చెమటలు, నోట్లో నీళ్లూరడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడకపోవడం జరుగుతాయి. ఈ లక్షణాలు కనిపిస్తే వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టి కూర్చోబెట్టకూడదు. బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లాలి. అట్రోపిన్ ఇంజక్షన్ సమయానికి పడితే మనిషి బతుకుతాడు.

ఇంటికొస్తే పొయ్యి పొగ. పంట అయిపోయాక మిగిలే పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె కూలివాళ్ల వంటచెరకు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసు కనెక్షన్ ఇచ్చాయి. కూలి దొరకని నెలల్లో సిలిండర్ నింపుకోలేక మళ్లీ కట్టె పొయ్యి వెలిగించే ఇళ్లున్నాయి. బీడీ ముట్టని ఆడవాళ్లకు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు, రావడానికి ఈ పొగ ముఖ్య కారణం. పగలంతా పత్తి, మిర్చి దుమ్ము పీల్చినవాళ్లే పొద్దున్నా సాయంత్రం ఈ పొగ కూడా పీలుస్తారు.

చేలో పని లేనప్పుడు మన కుటుంబాల మగవాళ్లు కొందరు చీమకుర్తి గ్రానైటు క్వారీలకు, మార్కాపురం వైపు పలకల పనికి వెళ్తారు. అక్కడ గాలిలో లేచేది సిలికా పొడి. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలే అది మింగి చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ గట్టిపడుతుంది. ఇది సిలికోసిస్. బిస్సినోసిస్‌లా కాకుండా ఇది ఎక్స్‌రేలో మచ్చలుగా కనిపిస్తుంది. పని మానేసినా ముదురుతూనే ఉంటుంది. నయం చేసే మందు లేదు, రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

టీబీ అనే ముద్ర

సిలికోసిస్ మచ్చలు, టీబీ మచ్చలు ఎక్స్‌రేలో ఒకదానిలా ఒకటి కనిపించవచ్చు. పైగా సిలికా పేరుకున్న ఊపిరితిత్తులకు టీబీ సోకే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. అందువల్ల రెండు రకాల తప్పులు జరుగుతాయి. టీబీ లేని మనిషికి నెలల తరబడి టీబీ మందులు పడతాయి. లేదా టీబీ నిజంగానే ఉండి, దానికి మందులు వాడాక ఆయాసం తగ్గకపోతే "సరిగ్గా మింగలేదు" అని రోగినే తిడతారు. వెనక ఉన్న రాతి పొడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

టీబీ పేరు మన పల్లెల్లో ఇంకా భయపెడుతుంది. గ్లాసు వేరు పెడతారు, పెళ్లి సంబంధం తప్పిపోతుందని దాచుకుంటారు. ఇప్పుడు మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్న స్థలంలో ఒకప్పుడు ఉన్నది టీబీ శానిటోరియం. ఆ రోజుల్లో టీబీ వచ్చిన మనిషిని ఇంటి నుంచే వేరు చేసేవారు. ఇవాళ మామూలు టీబీ 6 నెలల మందులతో నయమవుతుంది. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. చికిత్స జరిగినన్నాళ్లూ తిండికి నెలకు 500 రూపాయలిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. కాబట్టి రెండు వారాలు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు ఉంటే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. టీబీ లేదని తేలితే మాత్రం అక్కడితో ఆగకూడదు. మరి ఈ దగ్గు దేనివల్ల అని అడగాలి.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

ఈ జబ్బులు చట్టానికి తెలియనివి కావు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్, బిస్సినోసిస్ రెండూ ఉండేవి. ఫ్యాక్టరీ కార్మికుడిలో వీటిని గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని ఆ చట్టం చెప్పేది. తెలపకపోతే 1000 రూపాయల దాకా జరిమానా ఉండేది. మిరప దుమ్ము జబ్బుకు ఆ జాబితాలో పేరే లేదు. చేలో పని ఫ్యాక్టరీ కిందికే రాదు. ఆ చట్టం కింద కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీగా లెక్కించేవారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్ ఈ అంకెలను 20కి, 40కి పెంచింది. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లు ఇంకా దూరమయ్యారు.

ఈఎస్‌ఐ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1942 నుంచి 1946 దాకా అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నారు. ఆ కాలంలోనే కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చారు. 1948 ఈఎస్‌ఐ చట్టానికి పునాది అదే. కానీ ఆ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. ఏవి సీజనల్ ఫ్యాక్టరీలో చెప్పే జాబితాలో మొట్టమొదటి పేరు పత్తి జిన్నింగు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ మినహాయింపు అలాగే ఉంది. ఏడాదిలో కొన్ని నెలలే పని కాబట్టి బీమా అక్కర్లేదన్నది వాళ్ల తర్కం. ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ముకు సీజన్ ఉండదు.

మన దేశంలోనే కాదు. అమెరికా కరోలినా రాష్ట్రాల నూలు మిల్లుల కార్మికులు 1975లో సంఘం కట్టి బిస్సినోసిస్ మీద పోరాడారు. 1978లో పత్తి దుమ్ముకు పరిమితి పెడుతూ నిబంధన వచ్చింది. యజమానులు కోర్టుకెక్కితే 1981లో ఆ దేశ సుప్రీంకోర్టు కార్మికుల పక్షాన నిలిచింది. ఆ నిబంధన కూడా పత్తి తీతను, జిన్నింగును బయటే ఉంచింది. చేనుకు దగ్గరగా ఉండే పని ఎక్కడైనా చట్టానికి దూరంగానే ఉంటోంది.

అయినా తలుపులన్నీ మూసుకుపోలేదు. ఈఎస్‌ఐ లేనివాళ్లకు నష్టపరిహార చట్టం వర్తిస్తుంది. 1923 నాటి ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. దాని వృత్తి జబ్బుల పట్టికలో బిస్సినోసిస్, సిలికోసిస్‌తోపాటు సేంద్రియ దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల అలర్జీ వాపు కూడా ఉంది. ఒకరికి మించి యజమానుల దగ్గర పనిచేసి ఉంటే, ఎవరెంత చెల్లించాలో అధికారి నిర్ణయించవచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని 1995లో ఆస్బెస్టాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవేవీ కదలాలన్నా మొదట ఒక కాగితం కావాలి. ఈ జబ్బు ఈ పని వల్ల వచ్చింది అని డాక్టరు రాసిన కాగితం. ఓపీ చీటీలో పని పేరు లేకపోతే ఆ కాగితం ఎప్పటికీ పుట్టదు.

చేయాల్సినవి

డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి: ఏం పని, ఎన్నేళ్లుగా, ఏ నెలల్లో, సెలవు రోజు తగ్గుతుందా, పనిలోకి దిగిన రోజు పెరుగుతుందా. ఈ మాటలు చీటీలో రాయమని అడగాలి. స్పైరోమెట్రీ చేయమని అడగాలి. చీటీలు పారేయకుండా దాచుకోవాలి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి చాలామంది దాన్ని ముట్టరు. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర స్టిరాయిడ్ బిళ్లలు, ఇంజక్షన్లు వేయించుకుంటారు. వాటితో ఆ పూటకు ఆయాసం తగ్గుతుంది. నెలల తరబడి వాడితే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇన్‌హేలర్లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా శ్వాసనాళాలకే పోతుంది. బిళ్లల్లో ఉండేది మిల్లీగ్రాముల్లో, ఒళ్లంతా తిరుగుతుంది. అదే మందును తక్కువ మోతాదులో వాడే దారి ఉన్నప్పుడు దాన్నే ఎంచుకోవాలి.

మొహానికి చీర కొంగు కట్టుకుంటే కంటికి కనపడే దుమ్ము ఆగుతుంది, సన్నటిది ఆగదు. దానికి ఎన్-95 మాస్కు కావాలి. మే నెల ఎండలో, రేకుల షెడ్డులో, కిలో లెక్కన పనిచేస్తూ ఆ మాస్కు రోజంతా పెట్టుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. అందుకే మాస్కు ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. దుమ్ము పుట్టే చోటే దాన్ని లాగేసే ఫ్యాన్లు, గొట్టాలు పెట్టడం యజమాని బాధ్యత. షెడ్డుకు రెండు వైపులా గాలి ఆడేలా కట్టడం, పిల్లలకు కుప్పలకు దూరంగా వేరే గది, కడుక్కోవడానికి నీళ్లు పెద్ద ఖర్చు పనులు కావు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. పత్తి, మిర్చి సీజన్‌లో ఈ మండలాల పీహెచ్‌సీల్లో స్పైరోమెట్రీ శిబిరాలు పెట్టాలి. ఓపీ చీటీలో వయసు పక్కన పని అనే గడి అచ్చువేయాలి. జిన్నింగు కార్మికులకు ఈఎస్‌ఐ మినహాయింపు తీసేయాలి. మిరప దుమ్ము జబ్బుల మీద అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేత ఇక్కడే అధ్యయనం చేయించాలి.

ఈ జిల్లాల్లో మన మీద జరిగిన దాడులంటే కారంచేడు, చుండూరు గుర్తొస్తాయి. వాటికి తేదీలున్నాయి, కేసులున్నాయి, పోరాట చరిత్ర ఉంది. ఊపిరితిత్తుల మీద ఏళ్ల తరబడి జరిగే ఈ దాడికి తేదీ ఉండదు, ఎఫ్‌ఐఆర్ ఉండదు. చచ్చిపోయాక కూడా "ఆయాసంతో పోయింది" అనే అంటారు, "పనితో పోయింది" అనరు.

పోయిన నెల చిన్నమ్మను మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఈసారి వరుసలో నిల్చున్నప్పుడే ఆమెతో చెప్పించుకున్నాను. డాక్టరమ్మ ముందు కూర్చోగానే చిన్నమ్మ తనంతట తానే, "18 ఏళ్లుగా మిరపకాయల తొడిమలు తీస్తన్నానమ్మా. అంతకుముందు నుంచీ పత్తి తీతకు పోతా ఉన్నా" అంది. డాక్టరమ్మ తలెత్తి చూసింది. తర్వాత చాలా ప్రశ్నలడిగింది. ఊదే పరీక్ష రాసింది. చీటీ మీద మొదటి వరుసలో మా చిన్నమ్మ పని పేరు పడింది.